భూమి బయట కాపురం: చంద్రుడా, అంగారకుడా, తిరిగే స్టేషనా?

అంగారకుడి మీద ఊరు కడతారన్న వార్త వచ్చినప్పుడల్లా రెండు జట్లు తయారవుతాయి. ఇంకో ఇరవై ఏళ్లలో మనవాళ్లు కూడా వెళ్తారని ఒక జట్టు, అదంతా డబ్బున్నవాళ్ల సరదా అని ఇంకో జట్టు. ఇద్దరూ వదిలేసే ప్రశ్న ఒకటుంది. నిజంగానే వెళ్లాల్సి వస్తే ఎక్కడికి వెళ్లడం మేలు? చంద్రుడు, అంగారకుడు, తనచుట్టూ తాను తిరిగే పెద్ద స్టేషన్, శుక్రుడి మేఘాలు, శని ఉపగ్రహం టైటన్. వీటన్నిటి మీదా ఇంజనీర్లు కాగితం మీద లెక్కలు వేసి ఉంచారు. ఏది ఎవరికి పనికొస్తుందో చూద్దాం.

ముందు ఒకటి తేల్చుకోవాలి. డ్యూటీకి వెళ్లడం వేరు, కాపురం పెట్టడం వేరు. 2000 నవంబరు 2 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఐఎస్ఎస్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు. అయినా అక్కడ కాపురమున్నవాళ్లు ఒక్కరూ లేరు. అంటార్కిటికాలో మన మైత్రి, భారతి స్టేషన్లూ అంతే. డ్యూటీ దిగితే ఇంటికి రావడమే. కాపురమంటే అక్కడే పిల్లలు పుట్టాలి, పెరగాలి, ముసలితనం కూడా అక్కడే గడవాలి. ఈ రెండు అవసరాలకూ ఒకే చోటు సరిపోదని నా అభిప్రాయం. చంద్రుడు గొప్పా, అంగారకుడు గొప్పా అన్న వాదనలు తెగకపోవడానికి కారణం, ఒకరు డ్యూటీ గురించి, మరొకరు కాపురం గురించి మాట్లాడుతుండటమే.

ఎక్కడికెళ్లినా అడగాల్సిన మూడు ప్రశ్నలు

అద్దె ఇల్లు చూసేటప్పుడు గోడల రంగు కంటే ముందు నీళ్లొస్తాయా, ఆస్పత్రి ఎంత దూరం అని అడుగుతాం కదా. ఇక్కడ అడగాల్సినవి: రేడియేషన్ ఎంత, ఒంటికి బరువు ఎంత తెలుస్తుంది, ఆపదొస్తే సాయం ఎన్నాళ్లకు అందుతుంది.

భూమి మీద మనకు సహజంగా తగిలే రేడియేషన్ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదును కొలిచే యూనిట్ ఇది). చైనా చాంగె-4 ల్యాండర్ చంద్రుడి మీద కొలిస్తే రోజుకే దాదాపు 1.37 వచ్చింది. అంగారకుడి నేల మీద క్యూరియాసిటీ రోవర్ కొలిచింది రోజుకు 0.65 దరిదాపుల్లో. నాసా తన వ్యోమగామికి మొత్తం ఉద్యోగ జీవితానికి పెట్టిన పరిమితి 600. అంటే రక్షణ లేకుండా చంద్రుడి మీద ఉంటే ఏడాదింబావు లోపే కోటా అయిపోతుంది. అంగారకుడి మీదైతే రెండున్నరేళ్లు. ఇక్కడ అంగారకుడికి మార్కులు వేసేయకండి, దారి ఖర్చు ఇంకా కలపలేదు. పైగా రెండు చోట్లా మనుషులు ఉండాల్సింది రెండు మూడు మీటర్ల మట్టి కిందే. అలా ఉంటే ఈ తేడా చాలావరకు పోతుంది. గాజు గుమ్మటాల కింద చెట్లు, పార్కులు ఉన్న బొమ్మలు చూడటానికి బాగుంటాయి గానీ, అసలు బతుకు సెల్లార్ బతుకే.

బరువు సంగతి ఇంకా చిక్కు. భారరహిత స్థితిలో తుంటి ఎముకల సాంద్రత నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం తగ్గుతుంది. అందుకే ఐఎస్ఎస్‌లో రోజూ దాదాపు రెండు గంటలు వ్యాయామం చేయిస్తారు. కొందరికి కళ్ల వెనక నరం దగ్గర వాపు వచ్చి చూపు మారుతుంది. రష్యా డాక్టర్ వలేరి పొల్యకోవ్ 1994-95లో మీర్ స్టేషన్‌లో ఒకే విడతలో 437 రోజులున్నాడు, దిగాక నడిచాడు కూడా. కాబట్టి ఏడాదికి పైగా తట్టుకోవచ్చని తెలుసు. కానీ మన దగ్గరున్న సమాచారమంతా రెండు చివర్లది: భూమి మీద పూర్తి బరువు, కక్ష్యలో సున్నా బరువు. చంద్రుడి మీద ఉండేది ఆరో వంతు, అంగారకుడి మీద 38 శాతం. సున్నాకూ పూర్తి బరువుకూ నడుమనున్న ఈ బరువుల్లో మనిషి ఎక్కువలో ఎక్కువ ఉన్నది మూడు రోజులు, 1972 డిసెంబరులో చంద్రుడి మీద దిగిన అపోలో 17 వాళ్లు. జపాన్ శాస్త్రవేత్తలు ఐఎస్ఎస్‌లోని తమ కిబో విభాగంలో ఎలుకలను గిరగిరా తిప్పి చంద్రుడి బరువు కల్పించి చూశారు. కండరాలు తరిగిపోవడం ఆగింది కానీ కండర తంతువుల రకం మారిపోవడం ఆగలేదు. ఎలుకల సంగతి ఇది. గర్భం, ప్రసవం, పిల్లల ఎముకలు పెరగడం గురించి అంత కూడా ఎవరికీ తెలియదు.

మూడోది సాయం. అసలు తీర్పు దీని మీదే ఉండాలంటాను. సునీతా విలియమ్స్, బుచ్ విల్‌మోర్ 2024 జూన్‌లో ఎనిమిది రోజుల పని మీద వెళ్లి 286 రోజులు ఉండిపోయారు. మనం టెన్షన్ పడ్డాం కానీ వాళ్లకు తిండి, మందులు తక్కువ కాలేదు. సరుకు నౌకలు వెళ్తూనే ఉన్నాయి కాబట్టి. అంతకుముందు ఒక వ్యోమగామికి మెడ దగ్గర సిరలో రక్తం గడ్డకట్టినట్టు స్కానింగ్‌లో బయటపడింది. కింద నుంచి డాక్టర్లు చూసి చెప్పారు, ఉన్న ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చారు, తర్వాత మాత్రలు సరుకు నౌకలో పంపారు. ఆ నౌక రాని చోట ఇదే జరిగితే ఏమిటన్నది ఊహించుకుంటూ మిగతాది చదవండి.

చంద్రుడు: బీద చోటే కానీ దగ్గర

దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు, మూడు రోజుల ప్రయాణం. మాట వెళ్లి జవాబు రావడానికి రెండున్నర సెకన్లు పైన. ఫోన్లో మాట్లాడుకోవచ్చు, కింద కూర్చున్న సర్జన్ చూస్తూ సలహా చెప్పొచ్చు. ఏ నెలలోనైనా బయల్దేరొచ్చు, ఏ నెలలోనైనా తిరిగి రావచ్చు. చంద్రుడికున్న మిగతా లోపాలన్నిటినీ క్షమించడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఆ లోపాలు మాత్రం చిన్నవి కావు. రాత్రి మన లెక్కలో 14 రోజులు. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 2023 ఆగస్టు 23న దిగి, ఒక చంద్ర పగలు పనిచేసి నిద్రపోయింది. తెల్లారాక పిలిస్తే విక్రమ్, ప్రజ్ఞాన్ పలకలేదు. వాటిని చేసిందే ఒక పగటి కోసం కాబట్టి అది వైఫల్యం కాదు. కానీ రాత్రి చలి ఎంతటిదో తెలుస్తుంది. మనుషులుండాలంటే ఆ 14 రోజులకూ కరెంటు కావాలి. బ్యాటరీలతో ఇంటిని నడపడం భారీ పని, అందుకే చిన్న అణు రియాక్టర్ల మాట వస్తోంది. లేదంటే దక్షిణ ధ్రువం దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ తగిలే గట్ల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకోవాలి. ఆ గట్ల పక్కనే ఎండ ఎన్నడూ పడని గోతులున్నాయి, వాటిలో మంచు ఉంది. 2008లో వెళ్లిన మన చంద్రయాన్-1 మీది నాసా పరికరం నీటి ఆనవాళ్లు చూపించింది. 2009లో నాసా ఒక రాకెట్ భాగాన్ని కేబియస్ గోతిలోకి గుద్దించి పైకి లేచిన దుమ్ములో నీటిని పట్టింది.

అయితే నీరు ఉండటం వేరు, తోడుకోవడం వేరు. ఆ మంచు మట్టిలో ఎంత మేర కలిసి ఉందో, ఏ లోతులో ఉందో ఎవరూ తవ్వి చూడలేదు. ఇస్రో, జపాన్ జాక్సా కలిసి చేపట్టిన లూపెక్స్ యాత్ర పని అదే. దిగడం కూడా సులువు కాదు. 2024లోనూ 2025లోనూ అమెరికా ప్రైవేటు ల్యాండర్లు ధ్రువం వైపు వెళ్లి ఒరిగిపోయాయి. ఎండ ఏటవాలుగా పడి నీడలు పొడుగ్గా సాగే చోట నేల ఎత్తుపల్లాలు తెలుసుకోవడమే కష్టం.

ఇక దుమ్ము. గాలీ నీరూ లేని చోట రాయి నలిగి పొడైతే అంచులు అరగవు, గాజుపొడిలా ఉంటుంది. అపోలో 17లో హారిసన్ ష్మిట్‌కు దాంతో తుమ్ములు, ముక్కు దిబ్బడ పట్టుకున్నాయి. మూడు రోజులకే సూట్ల కీళ్లు బిగుసుకోవడం మొదలైంది. మూడేళ్లు ఉండేవాళ్ల ఊపిరితిత్తుల గతేమిటి? నత్రజని, కార్బన్ దాదాపు లేకపోవడం ఇంకో పెద్ద లోటు. మొక్కలకు ఆ రెండూ కావాలి. కాబట్టి చంద్రుడి మీద పొలం అంటే మొదట్లో ఎరువు భూమి నుంచి మోయాల్సిందే.

అంగారకుడు: ఆస్తి ఉంది, దారి లేదు

కావలసిన పదార్థాల జాబితా రాసుకుని చూస్తే అంగారకుడే గెలుస్తాడు. రోజు 24 గంటల 39 నిమిషాలు, నిద్ర చెడదు. మంచు ఉంది, 2008లో ఫీనిక్స్ ల్యాండర్ పైమట్టి గీకితేనే తెల్లగా కనిపించింది. గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడ్, కొంచెం నత్రజని. పెర్సెవరెన్స్ రోవర్‌లోని మాక్సీ అనే పెట్టె ఆ గాలి నుంచి 2021-23 మధ్య 122 గ్రాముల ఆక్సిజన్ తీసి చూపించింది. తక్కువే, ఒక మనిషికి రోజుకు 840 గ్రాములు కావాలి. అయినా పద్ధతి పనిచేస్తుందని రుజువైంది. పెద్ద యంత్రం చేయడం ఇంజనీరింగ్ పని, కొత్త సైన్సు అక్కర్లేదు. అదే గాలికి నీటి నుంచి తీసిన హైడ్రోజన్ కలిపితే మీథేన్, అంటే తిరుగు ప్రయాణానికి ఇంధనం తయారవుతుంది.

చిక్కంతా దారిలోనే. భూమి, అంగారకుడు అనుకూలమైన వరుసలోకి వచ్చేది 26 నెలలకోసారి. పోవడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు, అక్కడ దాదాపు 500 రోజులు, రావడానికి మళ్లీ అంతే. మొత్తం రెండున్నర నుంచి మూడేళ్లు. ఇప్పుడు ఇందాక వదిలేసిన దారి ఖర్చు కలుపుదాం. క్యూరియాసిటీ ప్రయాణంలో కొలిచిన రేడియేషన్ రోజుకు 1.84 మిల్లీసీవర్టులు. ఆరు నెలల చొప్పున రానూపోనూ లెక్క వేస్తే 660. నేల మీద కాలు పెట్టిన లెక్క కలపకుండానే నాసా పరిమితి దాటిపోయింది. ప్రయాణం తొందరగా ముగించే ఇంజన్లు వస్తే ఈ అంకె తగ్గుతుంది. అవి వచ్చేదాకా ఇది ఖాయం.

మాట వెళ్లడానికే 3 నుంచి 22 నిమిషాలు. సంభాషణ అన్నది ఉండదు, ఉత్తరాలే. సూర్యుడు మధ్యలో అడ్డొచ్చినప్పుడు రెండు వారాలు అవీ ఉండవు. 1961లో అంటార్కిటికాలోని సోవియట్ నోవోలజారెవ్‌స్కాయ స్టేషన్‌లో ఉన్న ఒకే ఒక్క డాక్టర్ లియోనిద్ రొగొజోవ్‌కు అపెండిసైటిస్ వచ్చింది. మంచు తుపానులో విమానం దిగే వీలు లేదు. మత్తుసూది పొడుచుకుని, అద్దంలో చూస్తూ తన కడుపు తానే కోసుకుని ఆపరేషన్ చేసుకున్నాడు. మన మైత్రి ఉన్నది ఆ స్టేషన్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే. భూమి మీదే అలా జరిగిందంటే, అంగారకుడికి వెళ్లే నలుగురైదుగురిలో ఇద్దరు డాక్టర్లుండాలన్న మాట అతి జాగ్రత్త కాదు.

దిగడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అక్కడి గాలి వాహనాన్ని మండించడానికి సరిపడా ఉంటుంది, పారాచూట్‌తో పూర్తిగా ఆపడానికి చాలదు. ఇప్పటిదాకా క్షేమంగా దించిన వాటిలో అన్నిటికంటే బరువైన పెర్సెవరెన్స్ దాదాపు ఒక టన్ను. మనుషులున్న ఇల్లు పదుల టన్నులు ఉంటుంది. మట్టిలో పెర్క్లోరేట్ లవణాలున్నాయి, థైరాయిడ్‌కు చేటు, కడగకుండా ఆ మట్టిలో కూర పండించి తినలేం. ఎండ మనకు వచ్చే దాంట్లో 43 శాతమే. 2018లో గ్రహమంతా కమ్మిన దుమ్ము తుపానులో, పద్నాలుగేళ్లకు పైగా పనిచేస్తున్న ఆపర్చునిటీ రోవర్ కరెంటు లేక ఆగిపోయింది. సోలార్‌నే నమ్ముకున్న ఊరికి అలాంటి తుపాను ఒక్కటి చాలు.

తిరిగే స్టేషన్: పిల్లలున్నవాళ్ల మాటైతే ఇదే

ఏ గ్రహం మీదా దిగకుండా, పెద్ద చక్రంలాంటి ఇంటిని తిప్పి అపకేంద్ర బలంతో బరువు తెప్పించడం. వినడానికి సినిమా కథలా ఉంటుంది కానీ భౌతికశాస్త్రం పరంగా ఇందులో అనుమానం లేదు. నిమిషానికి రెండు చుట్లు తిరుగుతూ భూమి బరువు కావాలంటే చక్రం వ్యాసార్థం 224 మీటర్లు ఉండాలి. అంతకంటే చిన్నది చేసి వేగంగా తిప్పితే తల తిప్పినప్పుడల్లా కళ్లు తిరుగుతాయి. ఐఎస్ఎస్ ఈ చివరి నుంచి ఆ చివరికి 109 మీటర్లు. అంటే దానికి నాలుగు రెట్ల వెడల్పైన చక్రం.

1975లో అమెరికాలో ఒక వేసవి అధ్యయనంలో పదివేల మందికి సరిపోయే చక్రం గీశారు. స్టాన్‌ఫర్డ్ టోరస్ అంటారు. వ్యాసం దాదాపు 1.8 కిలోమీటర్లు, నిమిషానికి ఒక్క చుట్టు. రేడియేషన్ నుంచి కాపాడటానికి దాని చుట్టూ కప్పాల్సిన మట్టే దాదాపు కోటి టన్నులు. దాన్ని భూమి నుంచి మోయలేం, చంద్రుడి నుంచి విసిరి తేవాలన్నారు. అంటే తిరిగే స్టేషన్ కావాలన్నా ముందు చంద్రుడి మీద గని ఉండాలి. భూమికి దగ్గరగా, భూమధ్యరేఖ మీదుగా తిరిగే కక్ష్యలో పెడితే భూమి అయస్కాంత క్షేత్రమే చాలావరకు కాపలా కాస్తుంది, అంత కప్పు అక్కర్లేదు. ఇంటికి కొన్ని గంటల దూరం. కాపురానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించడం లేదు. నిజంగా లేనిది డబ్బు, కట్టే కూలీలు, గట్టి కారణం. ఇక్కడ తవ్వుకోవడానికి ఏమీ లేదు. నీళ్ల దగ్గర నుంచి మేకు దాకా బయటి నుంచే రావాలి.

మిగతా రెండూ

శుక్రుడి మీద 50-55 కిలోమీటర్ల ఎత్తులో వేడి, పీడనం దాదాపు మన దగ్గర లాగే ఉంటాయి, బరువు 90 శాతం. 1985లో సోవియట్ వేగా బెలూన్లు రెండు ఆ ఎత్తులో రెండేసి రోజులు తేలాయి. కానీ మేఘాలు గంధకామ్లం, కాలు పెట్టడానికి నేల లేదు, కింద 465 డిగ్రీలు. తిరిగి రావాలంటే బెలూన్‌కు వేలాడే రాకెట్ నుంచి ఎగరాలి. పరిశోధనకు సరే, కాపురానికి వద్దు.

టైటన్‌కు చిక్కటి గాలి ఉంది, రేడియేషన్ బాధ తక్కువ, ప్రెషర్ సూటు అక్కర్లేదు. మైనస్ 179 డిగ్రీల చలి, కాసినీ నౌకకు అక్కడికి చేరడానికి ఏడేళ్లు పట్టింది. మన మనవళ్లు ఆలోచించుకుంటారు.

గాలి, నీళ్లు, తిండి, తోటిమనుషులు

ఏ చోటు ఎంచుకున్నా తలుపులు మూసి బతకాల్సిందే. అరిజోనాలో బయోస్ఫియర్ 2 అనే మూసిన గాజు భవనంలో 1991 నుంచి 1993 దాకా ఎనిమిది మంది ఉన్నారు. ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14 దగ్గరికి పడిపోయింది, బయటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తినేశాయి, అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కాంక్రీటు పీల్చేసుకుంది. ఎవరూ ముందే ఊహించని దారి అది. నీళ్ల విషయంలో మాత్రం మంచి ప్రగతి ఉంది. చెమట, మూత్రం కలిపి శుద్ధి చేసి 98 శాతం నీరు తిరిగి రాబట్టినట్టు ఐఎస్ఎస్‌లో 2023లో చూపించారు.

తిండి దగ్గరే వెనకబాటు. ప్యాకింగుతో కలిపి మనిషికి రోజుకు 1.8 కిలోలు అనుకుంటే, నలుగురికి వెయ్యి రోజులకు ఏడు టన్నులు దాటుతుంది. ఏళ్ల తరబడి నిల్వ ఉంటే విటమిన్లు తగ్గిపోతాయి. 2015లో ఐఎస్ఎస్‌లో పండించిన లెట్యూస్ ఆకులు తిన్నారు, 2025లో శుభాంశు శుక్లా మెంతులు, పెసలు మొలకెత్తించాడు. ఆశ కలిగించే పనులే. కడుపు నిండే దశ ఇంకా చాలా దూరం.

మనుషుల సంగతి. మాస్కోలో 2010-11లో ఆరుగురిని 520 రోజులు మూసిన గదుల్లో ఉంచి అంగారక యాత్ర నాటకం ఆడించారు. ఎవరూ కొట్టుకోలేదు. కానీ కదలిక తగ్గింది, కొందరి నిద్ర వేళలు గాడి తప్పాయి. తలుపు తీస్తే మాస్కో ఉంటుందని తెలిసినవాళ్ల సంగతి అది.

ఇంతకీ ఏది?

డ్యూటీ కోసమైతే చంద్రుడు, అందులో సందేహం లేదు. నేర్చుకోవాల్సినవన్నీ (రాత్రి గడపడం, మంచు తవ్వడం, మట్టి కింద ఇల్లు కట్టడం) తప్పు జరిగితే మూడు రోజుల్లో ఇంటికి రాగలిగే చోట నేర్చుకోవాలి. మన ప్రభుత్వం 2035కి భారతీయ అంతరిక్ష స్టేషన్, 2040కి చంద్రుడి మీద భారతీయుడు అని పెట్టుకున్న వరుస కూడా ఇదే. తేదీలు జరగొచ్చు, వరుస మాత్రం సరైనదే.

జీవం ఉందా లేదా అన్న ప్రశ్న మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే, మూడేళ్లు ఇల్లు వదలడానికి సిద్ధమైతే అంగారకుడు. పెద్ద వయసువాళ్లకు ఈ ఎంపిక ఒక రకంగా మేలు, ఎందుకంటే రేడియేషన్‌తో వచ్చే క్యాన్సర్ బయటపడటానికి ఏళ్లు పడుతుంది. పాతికేళ్లవాళ్లను పంపి అక్కడే ఉండిపొమ్మనడాన్ని మాత్రం ఇప్పుడున్న సమాచారంతో సమర్థించలేను.

కుటుంబంతో అయితే తిరిగే స్టేషన్, కట్టే రోజు వస్తే. పిల్లల ఎముకల మీద ప్రయోగం చేయని ఏకైక చోటు అదే.

స్థలం కొనుక్కుందామనుకునేవాళ్లకు ఒక మాట. చంద్రుడి మీద ఎకరం కొన్నామని సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం అక్కడి నేల ఏ దేశానికీ సొంతం కాదు, ఇండియా కూడా ఒప్పుకుంది. దేశానికే హక్కు లేనప్పుడు పట్టా ఇచ్చేదెవరు? పుట్టినరోజు కానుకగా సరదా పడండి, పెట్టుబడి అనుకోకండి.

ఈ తీర్పు మార్చుకోవడానికి నేను ఎదురుచూసే వార్తలు మూడు. చంద్రుడి మీద మనుషులు పూర్తి రాత్రి గడపడం. సరుకు నౌక రాకుండా ఒక స్టేషన్ రెండేళ్లు నడవడం. అంగారకుడి బరువులో ఎలుకలు పుట్టి, పెరిగి, మళ్లీ ఆరోగ్యంగా పిల్లల్ని కనడం. మొదటిది ముందు వస్తుందనుకుంటున్నాను. మూడోదానికి భారీ రాకెట్ కూడా అక్కర్లేదు. కక్ష్యలో తిరిగే ఒక చిన్న పంజరం, కొన్ని ఏళ్ల ఓపిక చాలు. అయినా దానికి డబ్బు పెట్టేవాళ్లు తక్కువ. జీవశాస్త్రం చదువుతూ అంతరిక్షం మీద మనసున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, ఆ సీటు ఇంకా ఖాళీగానే ఉంది.